పుట్టుకయే సాక్ష్యము: ఎఱుకలవారును నేరజాతుల చట్టమును

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు కులచరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాయవలసినదిగా కార్యవర్గమువారు కోరిరి. కులసంఘముల సంచికలలో మూలపురుషుడు సూర్యవంశ్యుడో చంద్రవంశ్యుడో నిర్ణయించుటతోనే సగము పుటలు నిండుచుండుట చదువరులెఱిగినదే. మేమా దారి త్రొక్కలేదు. ఎఱుకలవారి ప్రాచీనతకు శాసనములు వెదకనక్కఱలేదు. మన యక్షగానములలో ఎఱుకలసాని వచ్చి సోదె చెప్పక కథ ముందునకు నడువదు. రాచకన్నెల చేయి చూచి శుభము పలికిన యీ కులము, పిమ్మట పోలీసు ఠాణాలో తన చేతి వ్రేళ్ల ముద్రలు వేయవలసిన స్థితికెట్లు వచ్చెనో, ఆ కథయే మాకు వ్రాయదగినదిగా తోచినది.

మన పోషకులలో అన్యకులములకు చెందిన భూస్వాములును, న్యాయవాదులును, ఉపాధ్యాయులును పెక్కుమంది గలరు. వారిలో ననేకులకు నేరజాతుల చట్టము పేరు మాత్రమే తెలియును. మన కులపు పడుచువాండ్రకు పేరైనను తెలియదు. దాని ఫలము మాత్రము తెలియును. ఊరిలో ఒక యింట కన్నము పడిన మఱునాటి ఉదయమున మొదట ఏ పేటకు మనుష్యులు వత్తురో వారికొకరు చెప్పనక్కఱలేదు.

పూర్వకాలమున దండనీతి సమముగ నుండెనని మేము చెప్పబోము. మన స్మృతులలో ఒకే నేరమునకు వర్ణమును బట్టి హెచ్చుతగ్గు దండనలు విధింపబడినవి. ఆంగ్లేయులు వచ్చి చట్టము ముందు అందఱును సమానులేయని చాటిరి. అయినను చెన్నపురి ప్రభుత్వము 1816లో చేసిన 11వ రెగ్యులేషనును చదివినచో ఆ సమానత్వమెంతటిదో తెలియును. స్వల్పమైన తగవులలో దోషియని తోచిన వానిని గ్రామాధికారి చావడిలో 12 గంటలకు మించకుండ నిర్బంధింపవచ్చును. వాడు తక్కువ కులమువాడైనచో 6 గంటలకు మించకుండ బొండకొయ్యలో బిగింపవచ్చును. బొండకొయ్య మానభంగకరమైన శిక్షయని ఆ రెగ్యులేషనే యొప్పుకొన్నది. అట్టి శిక్ష తక్కువ కులమువారికి అనుచితము కాదనియు అందే యున్నది. మన గోదావరీ మండలము అప్పుడు రాజమహేంద్రవరము జిల్లా యను పేరుతో ఆ రాజధానిలోనిదే గనుక, మన గ్రామములందును ఇదియే శాసనము.

తరువాత 1836లో థగ్గుల చట్టము వచ్చినది. ఒకడు ఫలానిచోట ఫలాని మనుష్యుని చంపెనని ఋజువు చేయనక్కఱలేదు. థగ్గుల ముఠాలోని వాడని ఋజువైన చాలును, యావజ్జీవశిక్ష వేయవచ్చును. చేసిన పనిని విడిచి, చేరిన గుంపును శిక్షించుట ఇచ్చట ఆరంభమైనది. ముఠాలో చేరుట మనుష్యుని వశములోనిది. కులములో పుట్టుట ఎవని వశములోనిది?

1860 నాటి శిక్షాస్మృతి కులము పేరెత్తలేదు. దొంగతనము ఎవడు చేసినను దొంగతనమే. ఆ గ్రంథమును మేము గౌరవింతుము. కాని దాని ప్రక్కనే రెండు ద్వారములు తెఱవబడినవి. ఒకటి పైవారికి, రెండవది క్రిందివారికి.

పై ద్వారము ఐరోపీయులది. తెల్లజాతి ముద్దాయిని దేశీయుడగు మేజిస్ట్రేటు విచారింపరాదని 1872 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు విధించినది. ఆ భేదమును తొలగింపవలెనని 1883లో ఇల్బర్టు దొరగారు బిల్లు తేగా, తెల్లవారు దేశమంతట గగ్గోలు పెట్టిరి. తుదకు 1884లో కుదిరిన రాజీ ఏమన, దేశీయుడగు జిల్లా మేజిస్ట్రేటు విచారింపవచ్చును గాని, ముద్దాయి కోరినచో జూరీలో సగమునకు తక్కువ కాకుండ ఐరోపీయులో అమెరికనులో ఉండవలెను. ఇది మనకు దూరపు సంగతి కాదు. 1907 మే 31వ తేదీన కాకినాడలో వందేమాతరమని పలికిన యొక బాలుని జిల్లా వైద్యాధికారియగు కెంపు దొర కొట్టెను. ఆ రాత్రి జనులు కోపోద్రిక్తులై ఐరోపీయుల క్లబ్బుపై పడిరి, పెక్కుమంది పట్టుబడిరి. ఆ బాలుని తరఫువారు జిల్లా మేజిస్ట్రేటు నెదుట ఆ దొరను నిలిపియుండినచో, సగము మంది స్వజాతీయులు గల జూరీని కోరు హక్కు ఆయనకు పుట్టుకతోనే యుండెను. క్లబ్బుపై పడినవారికి అట్టి హక్కేదియు లేదు. కాకినాడ కథను స్వాతంత్ర్యోద్యమ చరిత్రకారులు చక్కగ వ్రాసియున్నారు. మా దృష్టికి అందులోని యీ యంశమే ముఖ్యము.

ఇక క్రింది ద్వారము. 1871లో 27వ చట్టముగ నేరజాతుల చట్టము పుట్టినది. ఆ బిల్లును తెచ్చినవారి వాదమేమన, ఈ దేశమున వడ్రంగి కొడుకు వడ్రంగి, సాలెవాని కొడుకు సాలె. అట్లే దొంగ కొడుకు దొంగ. కులవ్యవస్థను ఖండించుచు వచ్చిన దొరతనమువారే యా కులవ్యవస్థను సాక్ష్యముగ తెచ్చుకొనుట వింతగ లేదా? మొదట నా చట్టము ఉత్తరదేశమున మాత్రమే నడచినది. 1911లో మూడవ చట్టముగ తిరుగవ్రాసి చెన్నపురి రాజధానికిని వర్తింపజేసిరి. అంతట మన ఎఱుకలవారు, యానాదులలో కొందఱు, ఇంకను పెక్కు తెలుగు కులములవారు ప్రభుత్వ ప్రకటనలకెక్కిరి.

చదువరులు రెండు సంవత్సరములను జ్ఞప్తియందుంచుకొనవలెను. న్యాయవిచారణలో తెల్లవారికిని దేశీయులకును గల జాతిభేదములలో ముఖ్యమైనవానిని తొలగించుచు 1923లో చట్టము చేయబడినది. సభలలో హర్షధ్వానములు చెలరేగినవి. ఆ మఱుసటి సంవత్సరమే, అనగా 1924లో, నేరజాతుల చట్టమును ఆఱవ చట్టముగ కట్టుదిట్టము చేసి నిలిపిరి. పైవానికి పుట్టుకవలన వచ్చిన రక్షణ పోయెను. క్రిందివానికి పుట్టుకవలన వచ్చిన అపరాధము పోలేదు. 1923లో చప్పట్లు కొట్టిన పెద్దలలో నెందఱు 1924లో నోరు విప్పిరో వెదకి చూచుట చరిత్ర విద్యార్థులకు మంచి పని.

అసలు ఎఱుకలవారిపై ఈ నింద యెట్లు పడినది? దీనిని తెలిసికొనవలెనన్న మన పాతవృత్తిని తెలిసికొనవలెను. మనలో ఉప్పు ఎఱుకలవారు, దబ్బ ఎఱుకలవారు, కరివేపాకు ఎఱుకలవారు మొదలగు తెగలుండుట అందఱకు తెలిసినదే. ఉప్పు ఎఱుకలవారు సముద్రతీరపు ఉప్పుకొఠారులలో ఉప్పు కొని, పెరికయెద్దులపైనను గాడిదలపైనను వేసికొని, మెట్టసీమలకును మన్యపు అంచులకును పోయి, ధాన్యము మొదలగు సరకులకు మార్చుకొని తిరిగి వచ్చుచుండెడివారు. ఆలుబిడ్డలతో, కోళ్లతో, పందులతో సాగిపోవు ఆ బిడారు వచ్చినపుడు లోపలి గ్రామములవారు సంతోషించెడివారే గాని తలుపులు వేసికొనెడివారు కారు. ఉప్పు లేని కూడు ఎవరికి రుచించును? దబ్బ ఎఱుకలవారు వెదురు చీల్చి గంపలు, తట్టలు, చేటలు, ధాన్యపు గాదెలు అల్లుచుండెడివారు. కోనసీమ కళ్లములలో మన గంప లేక ధాన్యము కదలెడిది కాదు.

1805లోనే కుంపిణీవారు ఉప్పును తమ గుత్త చేసికొనిరి. ధవళేశ్వరపు ఆనకట్ట 1852 నాటికి పూర్తియైనది. కాలువలపై పడవలు నడువసాగినవి. 1893 నాటికి బెజవాడకును వాల్తేరుకును నడుమ రైలుమార్గము వచ్చెను. 1900లో రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై వంతెన తెఱువబడెను. కాటను దొరగారికి మేమును నమస్కరింతుము. ఆయన త్రవ్వించిన కాలువ నీటి చలువవలననే యీ డెల్టా అన్నపూర్ణయైనది; ఆ అన్నము మేమును తినుచున్నాము. కాని ఒక పడవ మోయు ఉప్పు నూఱు పెరికయెద్దులు మోయజాలవు. ఎద్దులు నిలిచిపోయినవి. మెట్టరైతులకు నూతన వృత్తులు దొరకినవి, కోమట్లకు నూతన వర్తకములు దొరకినవి. పెరిక నడిపినవానికి మాత్రము ఎవరును భూమి పంచలేదు. 1882 నాటి చెన్నపురి అటవీచట్టముతో వెదురుపొదయు సర్కారువారి సొత్తయ్యెను. పాపికొండల వెదురు కొట్టుకొని తెప్పకట్టి దించుకొనుట హక్కుగ నుండినది, అనుమతి కావలసిన పనియైనది. ఇట్లు రెండు తరములలో వర్తకుడు కాస్త దేశద్రిమ్మరియైనాడు. పోలీసువారి భాషలో దేశద్రిమ్మరికి అనుమానితుడని యర్థము.

మన పొరుగువారగు కొండరెడ్లకును కోయలకును ఆ కాలముననే మఱియొక విధమైన కష్టము కలిగినది. మైదానపు వర్తకులు వారిచేత పత్రములు వ్రాయించుకొని, దూరపు కోర్టులలో డిక్రీలు పొంది, పశువులను తోలుకొనిపోవుచుండిరి. 1879లో రంపలో పితూరీ లేచుటకిది యొక ముఖ్య హేతువని సర్కారువారి విచారణలోనే తేలినది. కోర్టు అను మాట వినగనే మన్యపువానికి ఎద్దు పోవుటయు, ఎఱుకలవానికి కొడుకు పోవుటయు తోచెడివి.

కొడుకు పోవుటయనగా నేమో చెప్పవలసియున్నది. 1911, 1924 చట్టముల పనితీరు ఇట్టిది. ఒక తెగ నేరములకు అలవాటు పడినదని నమ్ముటకు కారణమున్నదని ప్రభుత్వమువారు తలచినచో గెజెటులో ప్రకటింతురు. ఆ ప్రకటన సరియైనదా కాదా యని యే కోర్టును విచారింపరాదు. ఈ యొక్క మాటతో హైకోర్టు తలుపులును మూయబడినవి. పిమ్మట జిల్లా మేజిస్ట్రేటు రిజిస్టరు తయారు చేయించును. అందెక్కినవారి వ్రేలిముద్రలు తీయుదురు. వారు నియతకాలములందు హాజరు చెప్పుకొనవలెను, ఇల్లు విడిచి పోయినచో తెలుపవలెను. హద్దు దాటి కనబడినవానిని వారంటు లేకుండ గ్రామ మునసబైనను తలారియైనను పట్టుకొనవచ్చును. ఎవడైన హాజరు తప్పినచో ఆ సంగతి ఠాణాకు చేర్చుట మునసబునకును భూస్వామికిని విధిగ పెట్టబడినది. అనగా ఊరిలోని పెద్దమనుష్యులందఱును తమ యిష్టానిష్టములతో పనిలేక మనపై కాపలాదారులైరి. ఒక పెద్దకాపుతో కూలిపేచీ వచ్చిన యెఱుకలవాని గతి యేమగునో ఊహింపవచ్చును. ఆఱు సంవత్సరములు దాటి పదునెనిమిది నిండని పిల్లలను తలిదండ్రులనుండి వేఱుచేసి ప్రత్యేకపు బడులలో నుంచుటకును ప్రభుత్వమునకు అధికారమున్నది.

శిక్షల విషయము న్యాయవాదులైన పోషకులు ప్రత్యేకముగ గమనింపవలెను. పూర్వశిక్ష పడినవానికి శిక్ష పెంచుటకు 1860 నాటి శిక్షాస్మృతిలో 75వ సెక్షను ఉండెను. అది యే కులమువానికైనను ఒకటియే. అది దాటరాని పైహద్దును చెప్పెను; దానికి లోబడి జడ్జీ దయ చూపగలిగెడివాడు. నేరజాతుల చట్టపు 23వ సెక్షను దీనికి విరుద్ధముగ క్రిందిహద్దును చెప్పినది. పట్టికలోని నేరమునకు రెండవసారి శిక్షపడినచో 7 సంవత్సరములకు తక్కువ కాకూడదు. మూడవసారి యైనచో యావజ్జీవ ద్వీపాంతరవాసము. తగ్గింపదలచిన జడ్జీ విశేష కారణములను తీర్పులో వ్రాసికొనవలెను. కావున ఒకే రాత్రి ఒకే కన్నము వేసి, ఒకే విధముగ పూర్వశిక్షలు గల ఇద్దఱు బోనెక్కినపుడు, ఒకడు ఇంటికి తిరిగి రాగలడు, రెండవవాడు అండమానుకు పోగలడు. వారిలో భేదము ఇంటిపేరు మాత్రమే. ఇంతేకాక, ఎఱుకలవాడు దొంగతనము చేయబోవుచున్నట్లు తోచు స్థితిలో ఎచటనైన కనబడినచో, ఏమియు చేయకున్నను మూడేండ్లవఱకు ఖైదు వేయుటకు 24వ సెక్షను కలదు. తట్టలమ్ముకొనుటకు ఊరూర తిరుగువాడు చీకటిపడిన వేళ ఎచ్చట కనబడవలెను?

సెటిల్మెంట్ల సంగతి చాలమంది వ్రాసిరి గనుక క్లుప్తముగ చెప్పుదుము. రక్షణసైన్యమువారు బూత్‌టక్కరు దొరగారి నాయకత్వమున ఈ పనికి పూనుకొనిరి. గుంటూరు మండలములో బాపట్లకు సమీపమున 1913లో స్థాపింపబడిన స్టూవర్టుపురమునకు చెన్నపురి ప్రభుత్వ సభ్యుడగు హెరాల్డు స్టూవర్టు దొరగారి పేరు పెట్టబడినది. అచ్చట బడి పెట్టిరి, వైద్యము చేసిరి, కొందఱకు భూమియు నిచ్చిరి. ఈ మేలును మఱచుట కృతఘ్నత. కాని ఆ బడికి పిల్లలు ఇష్టమున పోలేదు; ఆ భూమికి పెద్దలు ఇష్టమున రాలేదు; పాసు లేక గట్టు దాటినవాడు నేరస్థుడు. చీరాలలోని పొగాకు కర్మాగారమునకు సెటిల్మెంటు స్త్రీపురుషులు కూలికి పోయిరి. హాజరు తప్పినచో శిక్షపడు కూలివాండ్రు దొరకుట ఏ యజమానునకు చేదు?

మనలో దొంగలు లేకుండిరా యని యడుగువారు గలరు. ఉండిరి. కన్నములు వేసినవారుండిరి, దారిదోపిడులు చేసినవారుండిరి, వారివలన నష్టపడిన కుటుంబముల దుఃఖము నిజమైనది. దానిని మేము కప్పిపుచ్చము. కొందఱు మన యువకులు అట్టివారిని వీరులుగ పాడుకొనుటయు మాకు నచ్చదు. కాని దొంగలు లేని కులమేదో చూపవలెను. రాజమహేంద్రవరము సెంట్రల్ జైలు ఒక్క కులమువారికొఱకు కట్టబడలేదు. లెక్కలను చూపువారికి మా ప్రత్యుత్తరమొకటి. రాత్రి యెవని గుడిసె సోదా చేయుదురో వాని గుడిసెలోనే దొంగసొత్తు దొరకును. సోదా లేని మేడలో నేమున్నదో యెవరికి తెలియును? గ్రంథముల విషయమును ఇట్టిదే. 1892లో మల్లాలీ యను పోలీసు అధికారి చెన్నపురి రాజధానిలోని నేరస్థ వర్గములను గూర్చి పుస్తకము వ్రాసెను. 1909లో థర్‌స్టను దొరగారు ఏడు సంపుటములుగ కులములను గూర్చి వ్రాసినపుడు మన ప్రకరణమున పోలీసువారి వ్రాతలను ఆధారముగ గైకొనిరి. పిదప చట్టమును సమర్థించువారు శాస్త్రగ్రంథములలోనే యున్నదికదా యనిరి. పోలీసువారి యనుమానము పుస్తకమై, పుస్తకము ప్రమాణమై, ప్రమాణము మరల పోలీసువారి చేతికి వచ్చెను.

ఇట్టి వ్యవహారము మనదేశమునకే పరిమితము కాదు. అమెరికాలో 1865లో నీగ్రోలకు దాస్యవిమోచనము కలుగగనే దక్షిణ రాష్ట్రములవారు పనిలేక తిరుగుట నేరమని చట్టములు చేసి, విడుదలయైనవారిని పట్టి మరల యజమానులకు కూలికిచ్చిరి. ఫ్రాన్సులో 1912 నాటి చట్టము సంచారజాతులవారు శరీరపు కొలతలతో కూడిన పుస్తకమును వెంట నుంచుకొనవలెనని విధించినది. అది 1969 వఱకు నడచినది.

చెన్నపురి రాష్ట్రమున ఈ చట్టము 1947లో రద్దయ్యెను. దేశమంతటికి అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతను విచారణ సంఘము ఏర్పడి, దాని సిఫారసుపై 1952 ఆగస్టు 31వ తేదీనుండి తొలగింపబడినది. ఆ దినమును విముక్త జాతులవారు నేటికిని పండుగగ చేసికొందురు. అయితే చెన్నపురిలో రద్దు జరిగిన మఱుసటి సంవత్సరమే, 1948లో, అలవాటుపడిన నేరస్థుల చట్టము వచ్చినది. ఆంధ్రప్రదేశము 1962లో తన చట్టమును చేసికొన్నది. ఇందు కులము పేరు లేదు, వ్యక్తి శిక్షలను చూచుదురు; ఇది గొప్ప మార్పేయని యొప్పుకొనవలెను. కాని పాత రిజిస్టరులో నున్న పేర్లే క్రొత్త రిజిస్టరులోనికి నడచి వచ్చుట సులభము. ఈ చట్టములను తీసివేయవలసినదని 2000లో జాతీయ మానవహక్కుల సంఘమును, 2007లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన సమితియు చెప్పియున్నవి.

రద్దయిన చట్టము మనస్సులలో రద్దు కాలేదనుటకు రెండు తీర్పులు చాలును. మహారాష్ట్రములో 2003లో జరిగిన ఘోరహత్యల కేసులో సంచారజాతికి చెందిన ఆఱుగురు పట్టుబడిరి. 2009లో సుప్రీంకోర్టువారే ఆ ఆఱుగురికిని మరణశిక్ష ఖాయము చేసిరి. తిరిగి విచారించి అదే న్యాయస్థానము 2019 మార్చి 5వ తేదీన వారు నిర్దోషులని విడిచిపెట్టి, ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు పరిహారమిప్పించినది. పేదలు, సంచారజాతివారు గనుక వారిని కేసులో ఇఱికించియుండవచ్చునని న్యాయమూర్తులు వ్రాసిరి. పదునాఱేండ్లు ఉరిత్రాటి నీడన గడపిన వారికి ఆ వాక్యము చాల ఆలస్యముగ వచ్చినది. రెండవది 2024 అక్టోబరు 3వ తేదీ నాటిది. కారాగారములలో కులమును బట్టి వంటపనియు పాకీపనియు పంచు నియమములను సుప్రీంకోర్టు కొట్టివేసినది; ఖైదీల రిజిస్టరులలో కులపు గడి యుండరాదనినది; విముక్త జాతులవారిని పుట్టుకచేతనే అలవాటుపడిన నేరస్థులుగ ఎంచు నియమములు చెల్లవనినది. పెక్కు రాష్ట్రముల కారాగార నియమములు ఆ తీర్పున పేర్కొనబడినవి. మన ఆంధ్రప్రదేశమువియు అందున్నవి. 1952లో పోయినదనుకొన్న మాట 2024 వఱకు జైలు పుస్తకములలో నిలిచియుండెను.

ఈ మహాసభలో ఉద్యోగములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు తీర్మానములుండును; అవి యుండవలసినవే. కాని రెండు పనులు దీనితో చేరవలెనని మా యభిప్రాయము. ఉభయగోదావరులలోని మన పేటల పెద్దలు, 2022లో ఏ క్రొత్తజిల్లాలో పడినవారైనను, తమ ప్రాంతమున శిక్షలు లేకయే హిస్టరీ షీటు నడచుచున్న వారెవరైన నున్నచో వారి వివరములను న్యాయవాదులైన పోషకులకు రహస్యముగ అందజేయవలెను. 2024 తీర్పు చేతిలో నుండగా ఇది సాధింపరాని పని కాదు. రెండవది, సెటిల్మెంటు పాసులు, విడుదల కాగితములు, పాత తీర్పుల నకళ్లు, బడి రిజిస్టరు చీటీలు పాతపెట్టెలలో నున్నవారు వానిని మహాసభకు తీసికొని రావలెను. కుర్రు భాషలో ముసలివారు చెప్పుకొను ఆనాటి కథలను వ్రాసికొనుటకు ఇద్దఱు యువకులను కార్యాలయపు పందిరిలో కూర్చుండబెట్టుదురు. కాగితములకు ఛాయాప్రతులు తీసి, అసళ్లు సొంతదారులకు అప్పుడే మరల నీయబడును.